పురిటికి సింగపూర్ నుంచి సీతమ్మధారకు: ఒక ప్రసూతి ఆసుపత్రి, ఒక నిర్ణయం

నిరుడు అక్టోబరులో, విశాఖపట్నం సీతమ్మధారలో మా అమ్మావాళ్ల ఇంటికి ఆటోలో పది నిమిషాల దూరంలో ఉన్న ఒక ప్రసూతి ఆసుపత్రిలో నాకు పాప పుట్టింది. నేను, మా ఆయన సింగపూర్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. కాన్పు అక్కడా, ఇక్కడా అని మూడు నెలలు తేల్చుకోలేకపోయాం. ఇదే సందిగ్ధంలో ఉన్న ఇద్దరు ఆడపిల్లలు ఈమధ్య నాకు ఫోను చేశారు. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఇప్పుడు ఒకచోట రాస్తున్నాను. ఆసుపత్రి పేరు రాయడం లేదు. మెచ్చుకోవలసినవి ఎక్కువే ఉన్నా, నొచ్చుకున్నవీ ఉన్నాయి.

ఆ ఆసుపత్రి మీద నాకు నమ్మకం ఎలా కుదిరిందో ముందు చెబుతాను.

నేను విశాఖలో దిగేసరికి 31 వారాలు నిండి మూడు రోజులు. చేతిలో సింగపూర్ ఫైలు, అంగుళం మందం. అంతకుముందు ఫోనులో మాట్లాడిన ఇంకో ఆసుపత్రివాళ్లు ‘అవన్నీ ఎందుకండీ, ఇక్కడ మళ్లీ పరీక్షలు చేయించేస్తాం’ అన్నారు. ఈ డాక్టరమ్మ అలా అనలేదు. అరవై ఏళ్ల దగ్గర వయసు, మెడలో కళ్లజోడు తాడు. బయట పద్నాలుగు మంది కూర్చుని ఉన్నా మొదటి పేజీ నుంచి వరుసగా చదువుకుంటూ వచ్చారు. చక్కెర పరీక్ష పేజీ దగ్గర ఆగారు. నాకు 28వ వారంలో చేసిన పరీక్ష అది. గ్లూకోజు తాగిన రెండు గంటల తర్వాత 8.1 అని ఉంది, పక్కనే నార్మల్ అని ముద్ర. ఆవిడ జేబులోంచి పెన్సిలు తీసి మార్జిన్‌లో 8.1 ఇంటూ 18 అని వేశారు. కింద గీత గీసి 146 అని రాసి దాని చుట్టూ సున్నా చుట్టారు.

“అక్కడ నార్మల్ అన్నారు కదమ్మా?”

“అవును మేడమ్.”

“వాళ్లు చెప్పింది తప్పు కాదు. వాళ్ల హద్దు 8.5. మన దగ్గర చాలామంది పాటించే పద్ధతిలో 75 గ్రాముల గ్లూకోజు ఇచ్చి రెండు గంటల తర్వాత ఒక్కసారి చూస్తాం, 140 దాటితే జాగ్రత్త పడతాం. మీ రక్తం మారలేదు, గీత మారింది.”

ఒకే రక్తం, ఒకే అంకె. అక్కడ నేను ఆరోగ్యవంతురాలిని, ఇక్కడ గర్భకాల మధుమేహం ఉన్న మనిషిని. దేశం మారి కాన్పు చేయించుకోవడంలో ఇలాంటి చిక్కు ఒకటుంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. అక్కడ చక్కెరను మిల్లీమోల్స్‌లో రాస్తారు, ఇక్కడ మిల్లీగ్రాముల్లో. అక్కడి అంకెను 18తో గుణిస్తే ఇక్కడి అంకె వస్తుంది. ఆ 8.1ని చూసి తక్కువే కదా అని పేజీ తిప్పేసేవాళ్లూ ఉంటారు, 146 చూడగానే ఇన్సులిన్ అనేవాళ్లూ ఉంటారు. ఆవిడ రెండూ చేయలేదు. గ్లూకోమీటరు కొనుక్కుని ఒక వారం పాటు పొద్దున పరగడుపున, మూడు పూటలా తిన్న రెండు గంటల తర్వాత చూసి రాసుకుని రమ్మన్నారు. పరగడుపున 95 లోపు, తిన్నాక 120 లోపు ఉండాలన్నారు. వారంలో 28 సార్లు వేలికి సూది గుచ్చుకున్నాను. మూడు సార్లు మాత్రమే దాటింది, మూడూ ఇడ్లీ తిన్న పొద్దుటి పూటే. నాలుగు ఇడ్లీలు రెండయ్యాయి, వాటి స్థానంలో ఒక పెసరట్టు వచ్చింది. మందు లేకుండానే కాన్పు దాకా నడిచింది.

ఒక డాక్టరుకు ఇంకో దేశపు ఫైలు చదివే ఓపిక ఉందా లేదా అన్నదే, నా దృష్టిలో, బయటి నుంచి వచ్చేవాళ్లు ఆసుపత్రిలో చూడవలసిన మొదటి విషయం. గదిలో ఏసీ ఉందా, టీవీ ఉందా అన్నవి ఆ తర్వాతే.

ఇంకో సంగతి కూడా ఆ ఫైలుదే. సింగపూర్‌లో స్కానింగులో బిడ్డ ఆడో మగో అడిగితే చెబుతారు. మాకు చెప్పారు, నివేదికలో రాశారు కూడా. మన దగ్గర 1994 నాటి చట్టం ప్రకారం అది నేరం. స్కానింగు గది తలుపు మీద ఆ బోర్డు ఉంటుంది. డాక్టరమ్మ ఆ పేజీ కనబడగానే బోర్లించి, “ఇది ఇంట్లో పెట్టేసి రండమ్మా, ఇక్కడ ఎవరికీ చూపించకండి, ఎవరితోనూ అనకండి” అన్నారు. ఆ మాట విన్నాక ఆ చట్టం ఎందుకు పుట్టిందో తలుచుకుని కాసేపు మనసు బరువెక్కింది. మా ఇంట్లో ఆ వార్తకు అందరూ సంబరపడ్డారు. అలా సంబరపడని ఇళ్లు ఉన్నాయి కాబట్టే ఆ బోర్డు అక్కడ ఉంది.

ఇక ఇక్కడికి ఎందుకు వచ్చామన్నది.

చుట్టుపక్కలవాళ్లు ముందు అడిగింది పౌరసత్వం గురించే. ‘అక్కడే కంటే పిల్లకు అక్కడి పౌరసత్వం వచ్చేది కదా’ అని మా వీధిలో నలుగురైనా అన్నారు. అది అమెరికా సంగతి. సింగపూర్‌లో తల్లిదండ్రుల్లో ఒక్కరైనా అక్కడి పౌరులైతేనే బిడ్డకు పుట్టుకతో పౌరసత్వం వస్తుంది. మేమిద్దరం భారతీయులం కాబట్టి పాప ఎక్కడ పుట్టినా భారతీయురాలే. అక్కడ పుట్టి ఉంటే ఏడాదిలోపు భారత హైకమిషన్‌లో నమోదు చేయించాలి, అంతే తేడా. కాబట్టి ఈ కారణం మా లెక్కలోంచి మొదట్లోనే పోయింది.

డబ్బు రెండోది. అక్కడ మేం కనుక్కున్న ప్రైవేటు ఆసుపత్రిలో సహజ కాన్పుకు డాక్టరు ఫీజుతో కలిపి తొమ్మిది వేల సింగపూర్ డాలర్లు దాటుతుందన్నారు. మన లెక్కలో సుమారు ఆరు లక్షలు. అక్కడి పౌరులకు దొరికే రాయితీ మాలాంటివాళ్లకు లేదు, మా ఇద్దరి సంస్థల బీమాలోనూ ప్రసూతి లేదు. ఇక్కడ మాకు చివరికి అయిన బిల్లు 1,06,350 రూపాయలు. డబ్బు మిగిలింది, కాదనను. అయితే మా ఆయన రెండుసార్లు వచ్చి వెళ్లిన టికెట్లు, నా టికెట్లు కలుపుకుంటే ఆ మిగులు కొంత కరిగింది. కేవలం ఖర్చు తగ్గుతుందని మాత్రమే వచ్చేవాళ్లు ఈ లెక్క కాగితం మీద వేసుకుని చూడాలి. ఇక్కడికి వచ్చాక బీమా తీసుకుందామనుకుంటే కుదరదు. ప్రసూతి ఖర్చు ఇచ్చే పాలసీల్లో నెలల నుంచి ఏళ్ల దాకా ఆగవలసి ఉంటుంది.

అసలు కారణం అమ్మ. మా అమ్మమ్మకు 84 ఏళ్లు, మంచం దిగి బాత్రూముకు వెళ్లాలన్నా అమ్మ పట్టుకోవాలి. అమ్మను సింగపూర్ రప్పించుకుందామంటే అమ్మమ్మను ఎవరికి అప్పగించాలి? వచ్చినా సందర్శకులకు మొదట ఇచ్చేది సాధారణంగా 30 రోజులే, ఆపైన పొడిగింపు అడగాలి. నాకేమో మొదటి కాన్పు. సిజేరియన్ అయితే? పాలు పడకపోతే? రాత్రి మూడింటికి బిడ్డ ఏడుపు ఆపకపోతే ఎవరిని లేపాలి? నాకు అమ్మ కావాలి. ఇంతకంటే గొప్ప కారణమేమీ నా దగ్గర లేదు. మొదటి కాన్పు పుట్టింట్లో అన్న ఆచారం ఎవరు పెట్టారో కానీ, ఆ పెట్టిన మనిషికి ఆడపిల్ల భయం తెలుసు.

అమ్మ తోడు దొరికింది. దానికి బదులుగా పోయింది మా ఆయన తోడు. ఇక్కడికి రావాలా వద్దా అన్నదంతా చివరికి ఈ ఒక్క మార్పిడికి వస్తుందని నాకు ఆలస్యంగా అర్థమైంది.

సింగపూర్‌లో బిడ్డ అక్కడి పౌరురాలు కాకపోతే తల్లికి 12 వారాల ప్రసూతి సెలవు ఉంటుంది, పౌరురాలైతే 16. తండ్రికి ప్రభుత్వం జీతమిచ్చే సెలవు మాత్రం బిడ్డ పౌరురాలైతేనే. మా ఆయన దగ్గర ఉన్నది ఏడాది సెలవులో మిగిలిన 14 రోజులు. వాటిని ఎప్పుడు వాడాలి? గడువు తేదీ నవంబరు 5. అక్టోబరు 26న బయలుదేరేలా టికెట్ తీసుకున్నారు. పాప అక్టోబరు 19న వచ్చేసింది. 37 వారాల నాలుగు రోజులు.

విమానం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చాలా సంస్థలు 28 వారాలు దాటితే డాక్టరు లేఖ అడుగుతాయి, 36 దాటాక ఎక్కనివ్వవు, కవలలైతే 32తోనే ఆపేస్తాయి. సింగపూర్ నుంచి విశాఖకు నేరుగా విమానం ఉంది, నాలుగు గంటల ప్రయాణం. కాళ్లకు బిగుతు మేజోళ్లు వేసుకుని గంటకొకసారి లేచి నడిచాను. ఏ ఇబ్బందీ కలగలేదు. ఈ నేరు విమానం లేని ఊరి నుంచైతే, రెండు చోట్ల మారి పద్దెనిమిది గంటలు కూర్చుని వచ్చే పనైతే, నేను వచ్చి ఉండేదాన్ని కాదు.

రాకముందు ఆసుపత్రికి ఫోనులో ఆరు ప్రశ్నలు పంపాను. అయిదు నావి. ఆరోది మా నాన్నది: “హుద్‌హుద్ అప్పుడు మీ దగ్గర ఏం జరిగింది?” 2014 అక్టోబరు 12న తుపాను విశాఖ మీదుగా తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయి నీళ్లు లేవు, ఫోన్లు లేవు, విమానాశ్రయం మూతపడింది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ తీరంలో కాన్పు పెట్టుకున్నవాళ్లు అడగవలసిన ప్రశ్నే అది. వాళ్లు దాటవేయలేదు. ఆ వారంలో జనరేటరుకు డీజిలు ఎక్కడెక్కడి నుంచి తెచ్చుకున్నారో, నీళ్ల ట్యాంకర్లు ఎలా రప్పించారో మేనేజరు ఫోను చేసి నాన్నకు చెప్పారు. ఆ తర్వాత పెద్ద ట్యాంకు కట్టించారట, మేం వెళ్లినప్పుడు మేడ మీద చూపించారు కూడా. నాన్న తిరిగి వస్తూ ‘వీళ్లు పరవాలేదు’ అన్నారు. ఆయన నోట అది పెద్ద మాట.

నా ప్రశ్నల్లో ముఖ్యమైనవి రెండు. సిజేరియన్ గురించి ఒకటి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద సిజేరియన్లు 21.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. ఈ అంకె చూశాక ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. డాక్టరమ్మను సూటిగానే అడిగాను. ఆవిడ కోపగించుకోలేదు. “అవసరమైతే చేస్తాను, ఎందుకు అవసరమో ముందు మీకు చెప్పి చేస్తాను. ముహూర్తం పెట్టించుకుని వచ్చేవాళ్లకు నేను చేయను” అన్నారు. అన్న మాట నిలబెట్టుకున్నారు. నొప్పులు మొదలై తొమ్మిది గంటలైనా తొందరపడలేదు. నాకు సహజ కాన్పే అయింది.

రెండో ప్రశ్న, పురిటి గదిలో నా పక్కన ఎవరుండవచ్చు అని. భర్త కుదరదు, తల్లో అక్కో ఒకరు ఉండవచ్చని జవాబిచ్చారు. ఈ మాట దగ్గరే నాకు మొదటి దెబ్బ తగిలింది.

కాన్పు నాటి రాత్రి పన్నెండున్నరకు నొప్పులు మొదలయ్యాయి. రెండు నలభైకి ఆసుపత్రిలో ఉన్నాం. నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. కుర్చీ కదలలేదు. బిల్లింగు కిటికీ దగ్గరున్న కుర్రవాడు ముందు ముప్ఫై వేలు కట్టమన్నాడు. కార్డు మిషను పనిచేయడం లేదన్నాడు. మా నాన్నకు 67 ఏళ్లు, ఫోనులో డబ్బు పంపడం ఆయనకు అలవాటు లేదు. లుంగీ మీద చొక్కా వేసుకుని వచ్చిన మనిషి, చొక్కా జేబులోంచి డబ్బు తీసి కౌంటరు మీద పెట్టి లెక్కపెడుతున్నారు. పన్నెండు వేలు ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టారు. పన్నెండే. వేళ్లు వణుకుతున్నాయి. నొప్పి వస్తున్నప్పుడు కళ్లు మూసుకుంటున్నాను, తెరిచినప్పుడల్లా ఆయన వీపు కనబడుతోంది. చివరికి నేనే ఆ కుర్చీలోంచి నా ఫోను తీసి, ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య డబ్బు పంపాను. అప్పుడు కుర్చీ కదిలింది.

వారం ముందు నుంచి నా పేరు వాళ్ల రిజిస్టరులో ఉంది. ప్యాకేజీ కాగితం మీద సంతకం చేసి ఉన్నాను. తెల్లవారాక కట్టమంటే ఏం పోయేది? నాన్న ఆ సంగతి ఇప్పటికీ ఎత్తరు, నాకు మాత్రం ఆ వీపు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

పైన పురిటి గది దగ్గర డ్యూటీ నర్సు అమ్మను ఆపేసింది. ఒకరు ఉండవచ్చని ముందే చెప్పారని అన్నా, తనకు ఆ సంగతి తెలియదంది. గంటన్నర ఒక్కదాన్నే ఉన్నాను. పూర్తిగా ఒక్కదాన్నే అనలేను. అక్కడ భీమిలి నుంచి వచ్చి పనిచేసే ఆయమ్మ ఒకామె ఉంది. నడుం మీద అరచేయి పెట్టి, నొప్పి ఎక్కినప్పుడు గట్టిగా అదిమి, దిగినప్పుడు వదిలేది. “ఊపిరి వదులు తల్లీ, బిగబట్టకు” అనేది. ఎన్నిసార్లు అందో లెక్కలేదు, ప్రతిసారీ అదే గొంతు. నాలుగుంపావుకు డాక్టరమ్మ వచ్చారు. రాగానే తలుపు తీయించి, “తల్లిని బయట కూర్చోబెట్టింది ఎవరు?” అని ఒక్క మాట అన్నారు. అమ్మ లోపలికి వచ్చింది. అప్పటి నుంచి ఉదయం తొమ్మిది ఇరవై దాకా నా చేయి వదల్లేదు.

మా ఆయనకు రాత్రే ఫోను చేశాం. విశాఖ విమానం అప్పటికే వెళ్లిపోయింది, చెన్నై మీదుగా టికెట్ దొరికింది. పాప పుట్టినప్పుడు ఆయన సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయంలో ఉన్నారు, అక్కడ అప్పుడు పన్నెండు కావస్తోంది. చిన్న డాక్టరు ఒకమ్మాయి నా ఫోను పాప దగ్గర పెట్టింది. ఆయన మొదటి ఏడుపు అలా విన్నారు. పక్కన విమానం ప్రకటనలు వినిపిస్తున్నాయి. ఆయన ఏమీ మాట్లాడలేదు. “విన్నారా?” అని అడిగితే “మళ్లీ వినిపించు” అన్నారు. అప్పటికి పాప ఊరుకుంది.

సాయంత్రం ఏడింటికి వచ్చారు. గుమ్మంలోనే బూట్లు విప్పి, చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చి, పాపను ఎత్తుకోవడానికి భయపడి మంచం పక్కన నిలబడి చూశారు.

కాన్పు తర్వాతి రెండు రోజుల సేవకు నేను వంక పెట్టలేను. పుట్టిన వెంటనే తుడిచి నా గుండెల మీద వేశారు. గంటలోపే ముర్రుపాలు పట్టించారు. విటమిన్ కె సూది, బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి, దేనికది ఎందుకో చెప్పి వేశారు. తేనె నాకిద్దామని అమ్మమ్మ పంపిన చిన్న వెండి గిన్నెను పిల్లల డాక్టరు నొచ్చుకోకుండానే వెనక్కి పంపారు. ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దన్నారు. రాత్రి నర్సు రెండింటికీ, నాలుగింటికీ వచ్చి, పాప నోరు ఎలా పట్టుకోవాలో ఒళ్లో దిండు పెట్టి మరీ చూపించింది. మొదటి రోజు నాకు పాలు సరిగా రాలేదు. ఆమె డబ్బా పాల పేరు ఎత్తలేదు. రెండో రోజు రాత్రికి పడ్డాయి.

మూడో రోజు కామెర్లు ఎక్కువయ్యాయి. పాపను నీలి దీపాల కింద ముప్ఫై గంటలు ఉంచారు, కళ్లకు చిన్న గంతలు కట్టి. ఇంట్లో అయితే పొద్దుటి ఎండ చూపిస్తే పోతుంది కదా అని అమ్మ అడిగింది. ఈ మోతాదుకు ఎండ చాలదని రక్త పరీక్ష అంకె చూపించి చెప్పారు. రెండు గంటలకొకసారి పాలివ్వడానికి నన్ను పిలిచేవారు. ఆ గదిలో నాకు ఒక కుర్చీ వేశారు, వెనక దిండుతో. చిన్న విషయమే, కుట్ల మీద కూర్చోవలసిన మనిషికి మాత్రం చాలా పెద్దది.

దాని బిల్లు దగ్గర రెండో ఫిర్యాదు. ప్యాకేజీ 72,000 అన్నారు. అందులో పిల్లల డాక్టరు, టీకాలు, నర్సరీ, నీలి దీపాలు ఏవీ లేవు. పిల్లల డాక్టరు, టీకాలు 9,850. నర్సరీ, దీపాలు 16,500. విడిగా మందులు, సరంజామా 8,000. ఏదీ అన్యాయంగా వసూలు చేశారని అనను. ముందే రాసి ఇవ్వకపోవడమే తప్పు. ‘తల్లి ప్యాకేజీలో బిడ్డ ఉందా?’ అని ఆ మాటలతోనే అడగండి. నేను అడగలేదు.

ఇంటికి వచ్చాక మొదలైంది అసలు పురుడు. దీనికోసమే వచ్చాను, ఇందులో ఒక్కరోజు కూడా నాకు వెలితి లేదు. అమ్మ తెల్లవారుజామునే జాలరి ఆమెకు చెప్పి ఉంచి పాలసొర చేప తెప్పించేది. ఉడకబెట్టి, ముల్లు తీసి, అల్లం వెల్లుల్లి వేసి పొడిపొడిగా పిట్టు చేసి పాత బియ్యం అన్నంలో పెట్టేది. పాలు పడతాయని ఈ తీరంలో ప్రతి ఇంట్లో నమ్ముతారు. పాలు దానివల్లే పడ్డాయో, కంటినిండా నిద్రపోనిచ్చినందుకు పడ్డాయో నాకు అనవసరం. సింగపూర్‌లో నాకు అది ఎవరు వండి పెడతారు? బాలింతకు పెట్టే కాయం విషయంలో మాత్రం నా చక్కెర సంగతి గుర్తుంచుకుని, శొంఠి, పిప్పళ్లు, వాము అలాగే ఉంచి బెల్లం సగానికి తగ్గించింది. సాంబ్రాణి పొగ నా తలకే, పాప వేరే గదిలో ఉన్నప్పుడే. డాక్టరమ్మ పెట్టిన షరతు అది. అమ్మమ్మ మంచం మీద నుంచే ‘మా కాలంలో’ అంటూ మొదలుపెట్టి, పాప తుమ్మడం చూసి తానే ఆపేసింది.

అమ్మమ్మ మా అమ్మను కన్నది విశాఖలోనే, ఘోషా ఆసుపత్రి అని పిలిచే ప్రభుత్వ కాన్పుల ఆసుపత్రిలో. అమ్మ నన్ను కన్నదీ అక్కడే. పాపను అమ్మమ్మ పక్కలో పడుకోబెట్టిన మధ్యాహ్నాలు నాలుగు తరాలు ఒకే మంచం మీద ఉండేవాళ్లం. ఇది ఏ లెక్కలో వేయాలో తెలియదు.

కాగితాల సంగతి త్వరగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే తిరుగు ప్రయాణం ఆగిపోతుంది. పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఆసుపత్రివాళ్లే వివరాలను మహానగర పాలక సంస్థకు పంపుతారు. పంపే ముందు ఆ ఫారం నాకు చూపించమన్నాను. మా ఆయన ఇంటిపేరు చివర వేసి ఉంది, పాస్‌పోర్టులో ముందు ఉంది. అక్కడే దిద్దించాం. తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీకి ఆధారం ఈ పత్రమే, ఇంకేదీ పనికిరాదు. బిడ్డ పేరు లేకుండా నమోదు చేయించి, ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చుకునే వీలుంది. పాస్‌పోర్టుకు మాత్రం పేరున్న పత్రం కావాలి కాబట్టి బారసాల కోసం ఆగకుండా ముందే పేరు నిర్ణయించేశాం. పసిపిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లు చెల్లుతుంది. తెల్లటి నేపథ్యంలో ఫొటో మనమే తీసుకెళ్లాలి. తెల్లటి దుప్పటి మీద పాప కళ్లు తెరిచే దాకా మా ఆయన కుర్చీ ఎక్కి నలభై నిమిషాలు నిలబడ్డారు. తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలి కాబట్టి ఆయన తిరిగి వెళ్లేలోపే ఈ పని ముగించాం. ఆయన వెళ్లిన మూడు వారాలకు పాప తండ్రి ముఖాన్ని కంటితో వెంబడించడం మొదలుపెట్టింది, ఫోను తెర మీద.

అందుకే, రెండో బిడ్డకు ఏం చేస్తావని అడిగిన అమ్మాయికి నేను చెప్పింది ఇది: రెండో కాన్పు సింగపూర్‌లోనే. ఆరు లక్షలైనా సరే. మొదటిసారి నాకు అమ్మ లేకుండా చేతకాదు, రెండోసారి ఆయన లేకుండా మనసొప్పదు. ఆ అమ్మాయి కడుపులో ఉన్నది కవలలు. ఇదివరకు ఒకసారి నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయట. తనను రావద్దనే చెప్పాను. ఉన్న ఊళ్లో, మొదటి నుంచీ చూస్తున్న డాక్టరు దగ్గర, పసికందులకు పెద్ద ఐసీయూ ఉన్న ఆసుపత్రిలోనే ఉండమన్నాను. నేను వెళ్లిన ఆసుపత్రిలో ఉన్న నర్సరీ మాలాంటివాళ్లకు సరిపోతుంది, ఏడో నెలలోనే పుట్టే బిడ్డకు సరిపోదు. ఆ మాట డాక్టరమ్మే మొదటి రోజు నాతో అన్నారు. అవసరమైతే పది నిమిషాల్లో ఎక్కడికి పంపుతారో కూడా చెప్పారు.

ఆసుపత్రికి అయిదింటికి ఎంత ఇస్తావంటే, డాక్టరమ్మకు, ఆ రాత్రి నర్సుకు, భీమిలి ఆయమ్మకు అయిదుకు అయిదు. బిల్లింగు కిటికీకి ఒకటి కూడా ఇవ్వను. ఫిర్యాదు రాసి ఇచ్చాను. తర్వాత టీకాలకు వెళ్లినప్పుడు, రాత్రిపూట నొప్పులతో వచ్చినవారిని ముందు పైకి పంపాలని కిటికీ పక్కన కాగితం అంటించి ఉంది. నా ఫిర్యాదు వల్లే అయితే సంతోషం.

ఆరు వారాలకు మళ్లీ చక్కెర పరీక్ష చేయించుకోవాలని డాక్టరమ్మ గుర్తుపెట్టుకుని ఫోను చేయించారు. గర్భంతో ఉన్నప్పుడు హద్దు మీద ఉన్నవాళ్లు దీన్ని వదిలేయకూడదట. 112 వచ్చింది. ఆవిడ నా సింగపూర్ ఫైలే అడిగి తీసుకుని, పాత పేజీలో తాను పెన్సిలుతో వేసిన 146 కింద ఈసారి పెన్నుతో 112 అని రాశారు. పక్కనే 6.2 అని కూడా రాసి, తేదీ వేసి, సంతకం చేసి, “ఇది అక్కడి డాక్టరుకు చూపించండి, వాళ్లకు అర్థమయ్యేలా రాశాను” అన్నారు. పాపకు పదకొండో వారం నడుస్తుండగా, మా ఆయన వచ్చి మమ్మల్ని తీసుకెళ్లిన రోజున ఆ ఫైలు నా చేతిసంచిలోనే ఉంది.